బంతిపూల కింద పానా

సైకిలు శబ్దం చేసిందంటే ఏదో చెబుతోందని అర్థం. ముప్పై ఎనిమిదేళ్ళపాటు ఈ ఒక్క మాట చెప్పి నెలనెలా జీతం తీసుకున్నాను. స్పోర్ట్స్ హాస్టల్లో నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళు ఈ మాటను వర్క్‌షాపు గోడ మీద పెయింటుతో రాసి, పక్కన నా ఫొటో పెడతామన్నారు. ఫొటో పెడితే ఎవడో ఒకడు దండ కూడా వేస్తాడని భయపడి వద్దన్నాను. ఆ మాట నేనెక్కడ నేర్చుకున్నానో మాత్రం వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. అడిగినప్పుడల్లా ఏదో ఒక జోకు చెప్పి తప్పించుకున్నాను. రిటైరయ్యాక జోకులకు వినేవాళ్ళు తగ్గారు. ఇంట్లో కాలు నిలవక గదుల్లో అటూ ఇటూ తిరుగుతుంటే, "కూర్చుని ఏదైనా రాయరాదా" అంది మా ఆవిడ. అందుకని రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. కర్ణాటకలోని పావగడలో, బస్టాండు పక్కన మా మామ సైకిలు షాపులో పని. మామ అంటే మా అమ్మ తమ్ముడు. వేరుశనగ వేసినవాళ్ళు ఆకాశంలోకి, బోరు వేసినవాళ్ళు నేలలోకి చూస్తూ గడిపిన సంవత్సరాలవి. మాకు మాత్రం పైకీ కిందికీ చూసే తీరిక ఉండేది కాదు. ఊళ్ళో నీళ్ళు లేకపోతే సైకిలు షాపులో పని పెరుగుతుంది. మనిషి రెండు మైళ్ళు పోయి ఆరు బిందెలు సైకిలుకు కట్టుకుని రాళ్ళదారిలో వస్తే స్పోకులు విరుగుతాయి, రిమ్ము వంకర పోతుంది, ఇరుసులో గోళీలు పిండి అవుతాయి. "కరువు మీద బతికేటోళ్ళు తాలూకాలో ముగ్గురే. బోరు లారీ వాడు, లేతు మిషనాయన, మా మామ" అని షాపు ముందు నిలబడి అన్నందుకు మామ నా మీదికి పంపు విసిరాడు. గాలి కొట్టే పంపే లెండి, బోరు పంపు కాదు.

ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా దానికి గాలి తీసి పంపడం నాకు అలవాటు. పెళ్ళిచూపులకు పోతుంటే టైరు పేలిందని ఒకాయన దిగులుగా వచ్చాడు. "నిన్ను కాపాడల్లని టైరు ప్రాణం ఇచ్చిందప్పా, నువ్వే అర్థం చేసుకోలేదు" అన్నాను. ఆయన పెళ్ళయ్యాక మళ్ళీ వచ్చి, నువ్వు చెప్పింది నిజమేనన్నాడు. ఇట్లాంటివి రెండు మూడు ఫలించేసరికి, నోట్లోంచి వచ్చేదంతా చమత్కారమేనని నాకు నమ్మకం కుదిరింది.

ఆ రోజుల్లో తిరుమణి నుంచి ఒకడు మా షాపుకు వచ్చేవాడు. గొర్రెలు కాసే ఇంటివాడు. నాకంటే రెండేళ్ళు చిన్న. వాళ్ళ ఊరి బయట ఒక తోటబావిలోంచి రోజుకు నాలుగు సార్లు, సారికి ఆరు బిందెల చొప్పున సైకిలు మీద నీళ్ళు మోసేవాడు. తొడలు రోకళ్ళలా ఉండేవి. ఒకసారి పావగడలో పందెం జరిగితే ఆ బిందెల సైకిలుకు కొక్కేలు కూడా విప్పకుండా వచ్చి గెలిచిపోయాడు. అది చూసిన కాలేజీ డ్రిల్లు మాస్టరు అతనికి ఒక దారి చెప్పాడు. దసరా ఆటల పోటీల్లో తాలూకా సైకిలు పందెంలో మొదటి ఇద్దరిని జిల్లా కేంద్రం తుమకూరుకు పంపుతారు. అక్కడ నిలబడితే స్పోర్ట్స్ హాస్టలు. అక్కడి నుంచి ఆటల కోటాలో ఉద్యోగం. అయితే వయసు హద్దు ఒకటుంది. అతనికి ఆ దసరానే ఆఖరిది.

"తుమకూరులో అందరికీ రేసు సైకిళ్ళు ఉంటాయంట. బిందెల సైకిల్లో పోతే గేటుకాడే నిలబెడతారు" అని ఎవరో అతని చెవిలో వేశారు. అతను నాలుగు గొర్రెలు అమ్మాడు. బెంగళూరు పోయి గుజిరీలో, అంటే పాత ఇనుము అమ్మే సంతలో, ఒక ఫ్రేమూ ఒక గోతాం నిండా సామానూ కొనుక్కుని బస్సు టాపు మీద వేసుకుని నేరుగా మా షాపు ముందు దిగాడు.

మామ ఫ్రేమును ఒక్క చేత్తో ఎత్తి, నమ్మకం కుదరక దించి, మళ్ళీ ఎత్తాడు.

"ఏందిరా ఇది, ఊదిబత్తి మాదిరి ఉండాది."

"రేసు సైకిలు మేస్త్రీ. ఫారిన్‌ది" అన్నాడు తిరుమణి వాడు.

"ఫారిన్‌దని నీకెట్ల తెలుసు? పాస్‌పోర్టు చూపించిందా?" అన్నాను నేను.

"గుజిరీ సాయిబు చెప్పినాడన్నా."

"ఆయప్ప నిన్ను చూసి ఇంగా శానా చెప్పింటాడు లే."

నవ్వాను గానీ చేతులు మాత్రం ఊరుకోలేదు. గోతాం నేల మీద గుమ్మరించాను. అల్యూమినియం రిమ్ములు రెండు. వెనక చక్రానికి ఒకటి కాదు, అయిదు పళ్ళచక్రాలు. చైనును ఒకదాని మీద నుంచి ఇంకోదాని మీదికి నెట్టే చిన్న యంత్రం, గొల్లభామ కాలులా మడత పెట్టుకుని ఉంది. గేర్ల సైకిలును నేను అప్పటిదాకా క్యాలెండరు బొమ్మలోనే చూశాను. ఫ్రేము మీద నల్లరంగును బ్లేడుతో గీకితే కింద ఆకుపచ్చ వచ్చింది. దాన్ని గీకితే లేత నీలం, దాని మీద వెంట్రుకంత సన్నటి బంగారు గీత. ముందు పైపు మీద పేరు రేకు ఊడిపోయిన చోట రెండు చిల్లులు. పైపులు కలిసే చోట అతుకులు మన సైకిళ్ళలో బూటు ముక్కులా మొద్దుగా ఉంటాయి. దీనికి మాత్రం వాటిని ఆకు కొసలా అరగదీశారు. ఎవరో ఒక మనిషి చేతిలో ఆకురాయి పట్టుకుని రోజుల తరబడి కూర్చుంటేనే అది సాధ్యం. అది ఏ దేశమో తెలియదు గానీ, ఆ మనిషికి మాత్రం తొందర లేదని తెలిసింది. ఆ లక్షణం నాకు లేదు.

సాయంత్రానికి మామ, నేను, తిరుమణి వాడు ముగ్గురం దాని చుట్టూ గొంతు కూర్చున్నాం. పెడళ్ళ మధ్య ఉండే ఇరుసు విప్పాలి. చిన్నవాళ్ళకు ఇక్కడ కాస్త చెప్పాలి. ఆ ఇరుసుకు కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి రెండు కప్పులుంటాయి. వాటి లోపల గోళీలు తిరుగుతాయి. మన దేశపు సైకిళ్ళలో కుడి కప్పుకు మర తిరగేసి ఉంటుంది. మామూలు బోల్టు వదులయ్యే వైపు తిప్పితే అది బిగుస్తుంది. తొక్కే కొద్దీ దానంతట అది ఊడిపోకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. నేను అప్పటికి వెయ్యి కప్పులు విప్పి ఉంటాను. అన్నీ అట్లాంటివే.

"ఒకసారి తుడిచి చూడరా, దాని మీద ఏమన్నా రాసిండాదేమో" అన్నాడు మామ.

"కప్పు మీద ఏం రాస్తారు మామా, శుభలేఖా?"

తుడవలేదు. షాపులో ఉన్న అన్నింటికంటే పెద్ద పానా తెచ్చి కప్పుకు పట్టించాను. పానా అంటే బోల్టులు తిప్పేదే, ఈ కాలం పిల్లలు స్పానరు అంటారు. ఇది మోచేతి పొడుగు ఉంటుంది. మామ దాన్ని బోరు లారీ వాళ్ళ దగ్గర సంపాదించాడు. కప్పు కదల్లేదు. పానాకు పైపు తొడిగాం. కదల్లేదు. తిరుమణి వాడు ఫ్రేము పట్టుకున్నాడు. మామా నేనూ పైపుకు వేలాడాం. 'టప్' అని శబ్దం వచ్చింది.

"వచ్చేసిండాది" అన్నాను.

రాలేదు. పగిలింది.

మర్నాడు ఫ్రేము భుజాన వేసుకుని లేతు మిషనాయన దగ్గరికి పోయాను. బోరు మోటార్ల ఇరుసులు సాన పట్టే ముసలాయన. వయసులో బెంగళూరు ఫ్యాక్టరీలో పని చేసి వచ్చినవాడు. ఏమీ అడగకుండా గుడ్డ తీసుకుని, కిరసనాయిల్లో ముంచి, పగిలిన కప్పును తుడిచాడు. ముప్పై అయిదు, పక్కన ఇంటూ గుర్తు, తర్వాత ఒకటి. అచ్చు గుద్దినట్టు ఉన్నాయి అంకెలు. శుభలేఖ కంటే స్పష్టంగా.

"మన సైకిళ్ళది అంగుళాల లెక్క. ఇది మిల్లీమీటరు లెక్క. ఫ్రాన్సు దేశపు మరప్పా ఇది. వాళ్ళకు కుడిపక్క గూడా మామూలు మరే" అన్నాడు. తర్వాత కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "మీరు ఊడదీయలా. బిగించినారు. ఎంతమంది?"

"ముగ్గురం."

"శానా బాగా బిగించినారు."

పగిలిన కప్పును సరైన వైపు తిప్పి తీశాడు. విరిగిపోయిన బోరు మోటారు ఇరుసు ముక్క ఒకటి తీసుకుని, రెండు రోజులు కూర్చుని కొత్త కప్పు చేశాడు. చివర దాన్ని ఎర్రగా కాల్చి వేరుశనగ నూనెలో ముంచాడు. ఉక్కు గట్టిపడడానికి అట్లా చేస్తారు. బజారంతా బజ్జీల వాసన. "ఇంగ రెండు మిరపకాయలు గూడా వేద్దురు" అన్నాను. ఆయన నవ్వలేదు. కప్పును గుడ్డలో చుట్టి నా చేతికిస్తూ మెల్లగా చెప్పాడు.

"విను. ఇది మామూలు మర గాబట్టి తొక్కే కొద్దీ వదులవుతాది. ఆ ఫ్రాన్సోళ్ళు గూడా దీనితో అవస్థ పడినోళ్ళే. ఉన్న బలమంతా పెట్టి బిగించాల. భయపడొద్దు. ఇది పగల్దు."

భయపడొద్దన్న మాట ఒక్కటే నా చెవికి సరిగా ఎక్కలేదు.

దసరా దగ్గరపడింది. ఆ నెలంతా నేను సరిగ్గా తిన్నది లేదు, కూర్చున్నది లేదు. ఆ సైకిలు టైరుకు అంచులుండవు. ట్యూబును లోపల పెట్టి చుట్టూ కుట్టేసి, రిమ్ముకు బంకతో అతికిస్తారు. పంచరు వేయాలంటే ముందు కుట్లు విప్పాలి. చెప్పులు కుట్టే ఆయన్ను షాపుకు పిలిపించి కుట్టించాం. "సైకిలుకు చెప్పులు కుట్టినోణ్ణి నేనొక్కణ్ణే" అని ఆయన బజారంతా చెప్పుకున్నాడు. గేరు యంత్రం స్ప్రింగును మిషను కుట్టే టైలరు ఇచ్చాడు. అలాంటి నీలం పెయింటు దొరక్క, ఉన్న పాత నీలాన్నే గీకకుండా వదిలేశాం. బంగారు గీత కూడా ఒకచోట జానెడు మిగిలింది. అది చూసి తిరుమణి వాడు, "అన్నా, పెండ్లికూతురు మాదిరి ఉండాది" అన్నాడు. "కట్నం నువ్వే ఇచ్చినావు గదా" అన్నాను. నాలుగు గొర్రెలు గుర్తొచ్చి వాడు కాస్త నవ్వాడు.

కొత్త కప్పును ఆయుధపూజ ముందురోజు నేనే బిగించాను. మామ కిరసనాయిలు డబ్బా ముందు కూర్చుని పూజ కోసం పానాలన్నీ కడుగుతున్నాడు. పెద్ద పానా కడగకముందే తీసుకుని కప్పుకు పట్టించాను. కాస్త బిగిసింది. ఇంకొంచెం తిప్పబోతే చెవిలో 'టప్' అని మోగింది. అది పాత టప్పే, నా తలలోది. చేయి దానంతట అది ఆగిపోయింది. చాల్లే అనుకున్నాను. మూడు వేళ్ళతో బిగించాననుకోండి.

మా వైపు ఆయుధపూజ ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ళకు చెబుతాను. ఆ రోజు మధ్యాహ్నానికల్లా షాపులో ఉన్న ప్రతి పనిముట్టూ గోడవారగా పీట మీదికి చేరుతుంది. విభూతి, కుంకుమ, బంతిపూలు. బూడిదగుమ్మడికాయ పగలగొడతారు. వచ్చినవాళ్ళకల్లా బొరుగులూ బెల్లమూ పెడతారు. బొరుగులంటే మరమరాలు. షాపు తెరిచే ఉంటుంది గానీ పని ఉండదు. మర్నాడు మామ గుడికి పోయి వచ్చి, మళ్ళీ పూజ చేసి, తన చేత్తో తీసేదాకా ఏ పనిముట్టునూ ముట్టకూడదు. ఒక ఏడు పూజ రోజు పోలీసాయన ఒకడు పంచరుతో వస్తే, మామ దోసెడు బొరుగులిచ్చి నడిపించి పంపాడు. ఆ ఆచారం మీద నేను వేయని జోకు లేదు. "స్క్రూడ్రైవరుకు గూడా సెలవుండాది, నాకే లేదు" అని ఏటా అనేవాణ్ణి.

ఆ ఏడు సైకిలుకు కూడా హ్యాండిలుకు బంతిపూల దండ వేసి, టెంకాయ కొట్టాం. పందెం మర్నాడు పొద్దున ఏడు గంటలకు. ఒకసారి తొక్కి చూస్తానని తిరుమణి వాడు సైకిలు తీసుకుని పోయాడు. నేను షాపు గడపకూ రోడ్డుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. ఎండ తగ్గే వేళకు వాడు తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అన్నా, ఇది సైకిలు కాదన్నా, గాలన్నా. వల్లూరు దాకా పోయినా. బస్సును దాటినా."

"బస్సు నిలబడి ఉండెనేమో చూసుకున్నావా?"

"తమాషా గాదన్నా." దిగి అన్నాడు. "ఒకటే. కుడిపక్క కిటుక్ కిటుక్ అంటాంది. ఏందన్నా అది?"

కూర్చుని పెడలు కాడ పట్టుకుని ఊపాను. కదిలింది. దారప్పోగంత. లేతు మిషనాయన కళ్ళద్దాల పైనుంచి నన్ను చూస్తున్నట్టనిపించింది. కప్పు వదులవుతోంది. మూడు వేళ్ళ బిగింపు. పెద్ద పానా నాకు రెండు బారల దూరంలో, పీట మీద, బంతిపూల కింద ఉంది. దాని పిడి ఒకటే బయటికి కనబడుతోంది. మామ వెనక గదిలో విస్తరి ముందు కూర్చున్నాడు. లేచి అడగాలి. అడిగితే, "నిన్ననే గదా బిగించినావు, ఎందుకు వదులైంది?" అంటాడు. దానికి జవాబు నా దగ్గర ఉంది. అందుకే అడగలేదు.

ఏళ్ళ తరబడి ఆ పూజను వెక్కిరించిన నాకు ఆ సాయంత్రం ఉన్నట్టుండి గొప్ప భక్తి కలిగింది. పూజలో పెట్టిన పనిముట్టును ముట్టడమా! తప్పు గదా!

"కొత్త చెప్పులు గూడా కిర్రుమంటాయి లేప్పా" అన్నాను తిరుమణి వాడితో. "నాలుగు అడుగులేస్తే అవే సర్దుకుంటాయి."

వాడు నవ్వాడు. నన్ను నమ్మాడు. నేను బాగు చేసినవాణ్ణి గదా. బొరుగులు పొట్లం కట్టించుకుని, సైకిలును ఎవరూ తగలకుండా చంటిబిడ్డలా నడిపించుకుంటూ బంధువుల ఇంటికి పోయాడు.

ఆ రాత్రి నిద్ర గురించి రాయడానికేమీ లేదు. రాలేదు.

పొద్దున తాలూకా ఆఫీసు ముందు మైకులో కన్నడ పాటలు. ఆంధ్ర గడి రాయి, అంటే సరిహద్దు రాయి దాకా పోయి తిరిగి రావాలి. పోటీకి పదముగ్గురు. అందులో రేసు సైకిళ్ళు మూడు. రెండు పట్నం పిల్లలవి, కొత్తవి, మెరుస్తున్నాయి. మూడోది మాది, నీలం రంగుది. దాన్ని చూసి జనం గుంపుగా చేరారు. తుమకూరు నుంచి వచ్చిన కోచ్ కూడా వంగి చూశాడు. తిరుమణి వాడు నా వైపు చూసి చేయి ఊపాడు. అప్పుడైనా చెప్పొచ్చు. కొక్కేలున్న ఆ బిందెల సైకిలు పది అడుగుల దూరంలో గోడకు ఆనించి ఉంది. వాళ్ళ అన్న దాని మీదే వచ్చాడు. నేను కూడా చేయి ఊపాను.

విజిలు ఊదారు. పోయారు.

ఒక మనిషి నిలబడిన చోట నిలబడలేకపోవడం ఎట్లా ఉంటుందో ఆ గంటలో తెలిసింది. టీ తాగాను. ఇంకో టీ తాగాను. మూడోది చేతిలో పట్టుకుని మరిచిపోయాను. గడి దాటి వచ్చిన లారీ డ్రైవరును ఆపి, "నీలం సైకిలు చూసినావాప్పా?" అని అడిగాను. "ముందర పోతాన్యాడు, కత్తి మాదిరి" అన్నాడు. అప్పుడు కాస్త ఊపిరి తీసుకున్నాను. పది నిమిషాల తర్వాత మోపెడు మీద వచ్చినాయన్ను అడిగాను. "నీలం సైకిలా? రోడ్డు పక్కన కూర్చోని చైను తగిలించుకుంటా ఉండాడు" అన్నాడు.

మొదటివాడు వచ్చాడు. పట్నం పిల్లవాడు. రెండోవాడు వచ్చాడు. ఆ తర్వాత దూరంగా నీలం రంగు. తిరుమణి వాడు ఎడమ కాలితోనే తొక్కుతున్నాడు. కుడి పెడలు పిచ్చిపట్టినట్టు ఊగుతోంది. రెండోవాడికీ అతనికీ మధ్య వంద బారలు కూడా లేదు. దారిలో చైను రెండుసార్లు పడిందని తర్వాత తెలిసింది. గీత దాటి, దిగి, సైకిలును కింద పడేయకుండా గోడకు ఆనించాడు. మైకులో కన్నడంలో మూడో స్థానం ప్రకటించారు. మొదటి బహుమతి గోడ గడియారం. రెండోది టిఫిన్ క్యారియరు. మూడోది స్టీలు బిందె.

రోజుకు ఇరవై నాలుగు బిందెలు మోసేవాడి చేతిలో ఇరవై అయిదో బిందె పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. మామూలుగా అయితే దీని మీద నాకు పది జోకులు వచ్చేవి. ఒక్కటీ రాలేదు.

తిరుమణి వాడు బిందెను చంకలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"నిన్న సాయంత్రమే తెలుసు గదన్నా నీకు?"

"తెలుసు" అన్నాను.

అరుస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. రోకళ్ళలాంటి ఆ కాళ్ళతో తంతే నేను గడి దాటి పోయేవాణ్ణి. అతను సైకిలు వైపు చూస్తూ చాలా మామూలుగా అన్నాడు.

"చెప్పింటే నా బిందెల సైకిల్లో పోతాంటి గదన్నా. మొదట రాకున్నా రెండు వస్తాంటి. ఈ పందేనికి ఏ సైకిలైనా ఒకటే అంట. తుమకూరు సంగతి తుమకూరులో చూసుకుంటాంటి."

ఇంతలో తుమకూరు కోచ్ వచ్చాడు. నీలం సైకిలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కుడి కప్పును వేలితో తడిమాడు. ఎవరు చేశారని కన్నడంలో అడిగాడు. పాత రేసు సైకిలు ఇంత బాగా నిలబెట్టింది బెంగళూరులో కూడా చూడలేదన్నాడు. తిరుమణి వాడే నన్ను చూపించాడు.

"ఈ అన్నే సార్. శానా కష్టపడి చేసినాడు."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. కోచ్ నా వివరాలు చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

షాపుకు వచ్చేసరికి మామ అప్పుడే గుడి నుంచి వచ్చి పీట మీది పూలు తీస్తున్నాడు. సైకిలును చూశాడు, మా మొహాలు చూశాడు. అంతా చెప్పాను. దాచకుండా చెప్పడం అప్పటికి నాకు కొత్త. అందుకని మాటలు వెనకాముందూ అయ్యాయి.

"అడిగింటే తీసిచ్చేవాణ్ణి గదరా" అన్నాడు మామ.

"పోలీసాయనకు ఇయ్యలేదు గదా మామా..."

"ఆయప్ప పంచరుకు అడిగినాడు. ఈ పిల్లోడు బతుక్కు అడుగుతాండాడు. రెండూ ఒకటేనా? పూజ చేసినోణ్ణి నేను, తీసేటోణ్ణి నేను. ఇంగో టెంకాయ కొడ్తాంటి. అంతే గదా."

పెద్ద పానాను పూల కింద నుంచి తీసి, విభూతి కూడా తుడవకుండా నా చేతిలో పెట్టాడు. "బిగించు."

పానా పట్టించాను. చెవిలో 'టప్' మోగింది. మోగితే మోగనీ అని ఉన్న బలమంతా వేసి వేలాడాను. కప్పు పగల్లేదు. వేరుశనగ నూనె తాగిన ఉక్కు అది. ఆ తర్వాత అది వదులు కాలేదు. రెండు రోజుల ముందు చేయాల్సిన పని అర నిమిషంలో అయిపోయింది.

రెండు నెలల తర్వాత నాకు ఉత్తరం వచ్చింది. స్పోర్ట్స్ హాస్టల్లో సైకిళ్ళు చూసుకోవడానికి మెకానిక్కు కావాలి, వెంటనే రమ్మని. మీరు సరిగ్గానే చదివారు. ఆ పందెంలో ఉద్యోగం పోగొట్టుకున్నది ఒకడు, తెచ్చుకున్నది ఇంకొకడు. పోవడానికి కారణమైనవాడే తెచ్చుకున్నవాడు. బస్సెక్కే రోజు తిరుమణి వాడు బస్టాండుకు వచ్చాడు. అలవాటు కొద్దీ, "నా బదులు నువ్వు పోరాదా, అక్కడోళ్ళకు ఎవురెవురో తెలీదు గదా" అన్నాను.

"జోకు తర్వాత చెబుదువు లే అన్నా. పోతాండావు గదా, ముందు దీన్ని చూసి పో" అని సైకిలు ముందుకు తోశాడు. సంచీలోంచి పెద్ద పానా తీశాను. దాన్ని మామ ఆ పొద్దునే నాకు ఇచ్చేశాడు. కప్పు బిగువుగానే ఉంది. అయినా ఇంకోసారి బిగించాను. డ్రైవరు హారను కొడుతున్నా బిగించాను.

హాస్టల్లో ముప్పై ఎనిమిదేళ్ళు ఎన్నో రేసు సైకిళ్ళు నా చేతి మీదుగా పోయాయి. ముందు తుడుస్తాను, తర్వాత చదువుతాను, ఆ తర్వాతే పానా. ఏ కుర్రాడైనా వచ్చి "సార్, ఏదో శబ్దం" అంటే నోరు మూసుకుని చెవి పెడతాను. ఆయుధపూజకు అన్ని పనిముట్లూ పూజలో పెడతాను, ఆ పెద్ద పానా ఒక్కటి తప్ప. అది బల్ల మీద బయటే ఉంటుంది. ఆ సంగతి తిరుమణి వాడికి ఒక ఉత్తరంలో రాశాను.

తిరుమణి వాడు గొర్రెలతోనే ఉన్నాడు, నీళ్ళు మోశాడు, పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు వాళ్ళ వేరుశనగ చేలో సోలారు పలకలు పరిచారు. భూమి లీజుకిచ్చి అక్కడే కాపలా పనికి కుదిరాడు. రాత్రిళ్ళు పలకల వరుసల మధ్య తిరగడానికి నీలం సైకిలే వాడతాడు. గేర్లు ఎప్పుడో పోయాయి. కప్పు మాత్రం అదే.

నేను రిటైరై పావగడ వచ్చాక వచ్చిన మొదటి ఆయుధపూజ ఇది. మధ్యాహ్నం మా ఆవిడ పానాలన్నీ పీట మీద పేర్చి పూలు పెట్టింది. పెద్దది తీసి గడప పక్కన పెట్టాను. "అది ఎందుకు బయట?" అంది. ఏదో జోకు చెప్పబోతుంటే వీధిలో సైకిలు ఆగింది. జుట్టంతా తెల్లబడింది గానీ కాళ్ళు అవే.

లేచి పానా అందుకున్నాను. "ఏమప్పా, కిటుక్ అంటాందా?"

"లేదన్నా, శబ్దమేమీ లేదు." గడప పక్కకు చూసి తల ఊపాడు. "పానా బయట పెట్టినావో లేదో చూసి పోదామని వచ్చినా."